బ్రేకు మీద కాలు

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. పెద్ద మాటేమీ కాదు. "నేను చూశాను" అంటే సరిపోయేది. అనలేదు. ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడం వల్లే చెప్పగలుగుతున్నానేమో.

మేముండేది ఉప్పల్‌లో, ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో. నాచారం పారిశ్రామికవాడలో ఒక కంపెనీకి స్టోర్స్ చూస్తాను. నా భార్య సునీత హబ్సిగూడలో టీచర్. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుంది. గేర్లు మార్చే పని లేని కారు కొన్నాం. సాయంత్రం స్కూలు నుంచి తనే నడుపుకుంటూ వచ్చి, మా కంపెనీ గేటు ముందు ఆగి హారన్ కొట్టేది. నేను పక్క సీట్లో కూర్చునేవాణ్ణి. ఆ రోజులు బాగుండేవి.

కారుతో వచ్చిన మ్యాట్లు మాసిపోకూడదని వాటి మీద ప్లాస్టిక్ కవరు అలాగే ఉంచింది నేను. ఆ కవరు మీద మందపాటి రబ్బరు మ్యాట్లు కొని వేసిందీ నేనే. "కాలు పెడితే జారుతున్నది, తీసేద్దాం," అని సునీత ఒకటి రెండుసార్లు అంది. కొత్త వస్తువును కాపాడుకోవడం నీకు తెలియదన్నాను.

ఒక ఆదివారం నేనే నడుపుతున్నాను. హబ్సిగూడ దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా కారు వేగం తగ్గలేదు. వంగి చూస్తే మ్యాట్ ముందుకు జారి దాని మీదికి ఎక్కి ఉంది. బూటు కొనతో వెనక్కి లాగాను. ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ మ్యాట్ తీసేయాలి. తీసేస్తే ఆమె మాటే నెగ్గుతుంది. ఇంత చిన్న విషయమా? అవును, ఇంత చిన్నదే.

కొద్దిరోజులకే ఒక ఉదయం సునీత సెల్లార్‌లోంచి కారు తీసింది. ర్యాంప్ నిటారుగా ఉంటుంది, గట్టిగా తొక్కాలి. పైకి వచ్చాక కారు ఆగలేదు. గేటు దాటి, రోడ్డు దాటి, ఎదురుగా యాదగిరి ఇస్త్రీ బండిని గుద్ది గోడకు ఆనుకుంది. యాదగిరి పక్కకు దూకాడు కానీ ఇస్త్రీపెట్టె నిప్పులు అతని చేతి మీద పడ్డాయి.

గేటు దగ్గరే నిలబడి ఉన్నాను కాబట్టి అందరికంటే ముందు పరుగెత్తి తలుపు తీసింది నేను. ఇంజన్ ఇంకా గోల పెడుతోంది. సునీత కుడికాలు బ్రేకు మీద ఉంది. నేను తలుపు తీసినా ఆ కాలు తీయలేదు. పక్కన రబ్బరు మ్యాట్ ముడుచుకుని యాక్సిలరేటర్‌ను కిందికి నొక్కి పట్టుకుని ఉంది. నేను ఇంజన్ ఆపి, మ్యాట్ లాగి వెనక సీటు కిందికి తోసేశాను. జనం అప్పటికింకా దగ్గరికి రాలేదు.

ఆ క్షణంలో ఏమీ ఆలోచించలేదని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆలోచించాను. యాదగిరి చెయ్యి పట్టుకుని అరుస్తున్నాడు, ఇది ఎవరిదో ఒకరి తప్పు అవుతుంది, నాది కాకూడదు. అంతే ఆలోచించాను.

"నేను బ్రేకే తొక్కిన. కారు దానంతటదే ఉరికింది," అంది సునీత.

రెండో అంతస్తు ప్రసాదరావుగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఇంజనీరుగా రిటైరైన మనిషి. ఆయన నవ్వారు. "కారు దానంతటది పరిగెత్తదమ్మా. గుద్దిన ప్రతివాళ్లూ ఈ మాటే అంటారు. బ్రేకనుకుని పక్కది తొక్కి ఉంటావు."

యాదగిరి చేతి మీద ఊదుకుంటూనే అందుకున్నాడు. "దయ్యం గిట్ల పట్టిందా మేడమ్ కారుకు? రేపటి సంది ముందే చెప్పున్రి సారూ, నా బండి నేనే జరుపుకుంట."

అందరూ నవ్వారు. సునీత నా వైపు తిరిగింది. "మీరు చూసిన్రు గద. నా కాలు ఏడ ఉండెనో చెప్పున్రి."

"పోనీ తియ్ సునీతా," అన్నాను. "ఎవరికైనా అయితది."

ఎంత మంచి భర్త అనుకున్నారు అందరూ.

ఆ సాయంత్రం కారు తాళంచెవి నా చేతిలో పెట్టింది. మళ్లీ అడగలేదు. మర్నాడే నేను మ్యాట్లూ ప్లాస్టిక్కూ తీసి పారేశాను. తర్వాత నాచారం గేటు ముందు నా కోసం ఏ హారనూ మోగలేదు. ఇంట్లో ఇద్దరమే, మాటలు కూరగాయల వరకు, కరెంటు బిల్లు వరకు. టీవీ చూస్తూ చూస్తూ ఆమె కుడికాలితో గచ్చును నొక్కేది. కొంచెం పక్కకు జరిపి మళ్లీ నొక్కేది. తర్వాత ఆ కాలి వైపే చూస్తూ ఉండేది. నేను చూడనట్టు ఛానల్ మార్చేవాణ్ణి. పెళ్లిళ్లలో ఎవరైనా ఆ సంగతి ఎత్తితే అందరితోపాటు నవ్వేవాణ్ణి కూడా.

మొన్నామధ్య ఒక రాత్రి అన్నం తింటుంటే ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది. ఎవరో ఒకావిడ కారు దుకాణంలోకి దూసుకుపోయింది. బ్రేకే తొక్కానని ఆవిడ ఏడుస్తోంది. కింద జనం వెక్కిరిస్తున్నారు. సునీత అంతా చూసి ఫోన్ పక్కన పెట్టింది.

"పాపం. నా లెక్కనే కాలు తప్పి ఉంటది. ఒప్పుకుంటే అయిపోతది గద."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎవరు నమ్మకపోయినా నిజం ఆమె దగ్గరైనా భద్రంగా ఉందనుకున్నాను. అదీ లేదు. ఆమె కాలి మీద ఆమెకే నమ్మకం లేకుండా చేశాను.

అప్పుడే, ఎంగిలి చేత్తోనే చెప్పేశాను. హబ్సిగూడ దగ్గర జరిగింది, తలుపు తీసి చూసింది, దాచింది. ఆమె అరవలేదు. మామూలు గొంతుతోనే అంది, "నాకెందుకు చెప్తున్నరు? నేను అప్పుడే చెప్పిన గద. నవ్వింది వాళ్లు. పోయి వాళ్లకు చెప్పున్రి." పళ్లెం తీసి, పక్కగదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఇప్పటికీ ఆ గదిలోనే పడుకుంటోంది. తాళంచెవి మేకుకు అలాగే వేలాడుతోంది. ఆమె నన్ను క్షమిస్తుందని నేను అనుకోవడం లేదు. అయినా గొంతులో ఇప్పుడు ఏమీ అడ్డం లేదు.

ఆమెకు చెప్పిన మర్నాడు తెల్లవారగానే కిందికి దిగాను. ప్రసాదరావుగారు చొక్కాల కోసం బండి దగ్గరే నిలబడి ఉన్నారు. నన్ను చూసి యాదగిరి పాత జోకే వేశాడు. "ఏం సారూ, మేడమ్ కారు తీస్తున్నదా? జరగాల్నా?"

పైన బాల్కనీలో ఆమె ఉందో లేదో తలెత్తి చూసే ధైర్యం చాలలేదు. గట్టిగానే చెప్పాను.

"యాదగిరీ, ఆ రోజు ఆమె కాలు బ్రేకు మీదనే ఉండె. నేను చూసిన. పక్క పెడల్ మీదికి మ్యాట్ ఎక్కింది. ఆ మ్యాట్ ఏసింది నేను, మీరు రాకముందే తీసి దాచింది నేను. నీ చెయ్యి కాలింది నా వల్ల. ఆమె నిజమే చెప్పింది. తప్పయింది."