ఏడో తరగతి గోడ మీద ఎర్రచుక్క

ఇర్ఫానా టీచరుకు కోపం ముక్కు మీద ఉంటుందని ఊరంతా అంటారు. అది నిజం కాదు. ముక్కు దాకా వెళ్ళే ఓపిక దానికెక్కడిది, నాలుక మీదే కాపురం ఉంటుంది. కోపం తగ్గాక మాత్రం, తిట్టిన పిల్లనే పక్కన కూర్చోబెట్టుకుని తన డబ్బాలో అన్నం పెట్టే మనిషి. అందుకే ఆమె తిట్లకు పిల్లలు పెద్దగా భయపడరు.

బెళుగుప్ప నుంచి మట్టిరోడ్డు పట్టుకుని గాలిమరల గుట్టల దిక్కు వెళ్తే వస్తుంది ఆ బడి. ఎనిమిదో తరగతి వరకే ఉంది. ఇన్‌ఛార్జి హెడ్మాస్టరూ ఇర్ఫానాయే, తెలుగు చెప్పేదీ ఆమే, గంట కొట్టే మనిషి రాని రోజు గంట కొట్టేదీ ఆమే. పుట్టింది పామిడిలో. నాయన లాల్ అహమ్మద్ దర్జీ. చిన్నప్పుడు ఆమె కుట్టిన గుడ్డలో కుట్టు వంకర పోతే ఆయన అరిచేవాడు కాదు. "విప్పమ్మా, మళ్ళా కుట్టు" అనేవాడు, అంతే. విప్పి మళ్ళీ కుట్టే గుణం కూతురికి బాగానే అబ్బింది. అరవకపోవడమే అబ్బలేదు.

ఆ ఏడు బళ్ళు తెరవగానే పిల్లల చేత చదివించి చూస్తే, ఏడో తరగతిలో సగం మంది నాలుగు వాక్యాలు కూడా తడుముకోకుండా చదవలేకపోయారు. తర్వాత మండలంలో టీచర్ల సమావేశం జరిగింది. ఒక్కో బడి ఈ ఏడాది తన లక్ష్యమేమిటో చెప్పాలన్నారు. అందరూ పద్ధతిగా లేచి, కొంత మెరుగుపరుస్తామని చెప్పి కూర్చున్నారు. ఇర్ఫానా లేచి, "ఉగాదికంతా మా ఏడో తరగతిలో చదవను రాని బిడ్డ ఒక్కరు గూడా ఉండరు" అనేసింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వినపడకపోతే ఆమె ఆ మాటను అక్కడే వదిలేసి వచ్చేదేమో. వినపడింది కాబట్టి పంతం పట్టుకుంది.

మరునాడే పెద్ద చార్టు తెచ్చి తరగతి గోడకు అంటించింది. పైన 'మా లక్ష్యం' అని ముచ్చటగా రాసింది. కింద పిల్లల పేర్లు. బాగా చదివేవాళ్ళ పేరు పక్కన పచ్చచుక్క, కొంచెం తడబడేవాళ్ళకు పసుపు, అసలు చదవలేనివాళ్ళకు ఎరుపు. పసుపును పచ్చ చేయడం సులభం కనుక ముందు వాళ్ళ మీద పడింది. పొద్దున రాగిజావ తాగేటప్పుడు కూడా వాళ్ళ చేత చదివించింది. దసరా సెలవులు అయ్యేసరికి చార్టు మీద పచ్చదనం బాగా పెరిగింది. ఇర్ఫానా దాన్ని రోజుకోసారి చూసుకుని మురిసిపోయేది.

తల్లిదండ్రుల సమావేశం రోజున ఆ చార్టును అందరికీ చూపించింది. వచ్చినవాళ్ళలో ఓబమ్మ ఉంది. గొర్రెల మంద ఉన్న ముసలామె. కొడుకూ కోడలూ బెంగళూరులో ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోతే మనవరాలు జయంతిని ఆమే సాకుతోంది. ఓబమ్మకు అక్షరం రాదు. రంగులు మాత్రం కనపడతాయి కదా.

"టీచరమ్మా, మా జయంతి పేరు యాడుండాది?" అని అడిగింది.

ఇర్ఫానా వేలు పెట్టి చూపించింది. ఆ పేరు పక్కన ఎర్రచుక్క ఉంది.

"చదువులో కొంచెం వెనకబడిందవ్వా. అది గుర్తు కోసం పెట్టినాము."

ఓబమ్మ చార్టును చాలాసేపు చూసింది. "మేము గూడా పూస్తాము ఎర్రరంగు. సంతకు తోలే జీవానికి. మందలో ఉంచుకునేదానికి ఏ రంగూ పూయము."

"ఇది సంత కాదవ్వా, బడి" అంది ఇర్ఫానా. గొంతు కొంచెం పైకే లేచింది.

"బడే గదా అని పంపిస్తి. మీరు ఏరి పక్కన పెడితిరి. ఇంగ దాన్ని ఎందుకు పంపల్ల?" అని ముసలామె జయంతి చెయ్యి పట్టుకుని లేచిపోయింది. ఆ పిల్ల తల ఎత్తలేదు. ఇర్ఫానాకు తల కొట్టేసినట్టయింది.

మరునాడు జయంతి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. గొర్రెల వెంట పోతోందని పిల్లలు చెప్పారు.

లెక్కలు చెప్పే ఆనంద్ సారు ధర్మవరం మనిషి, నెమ్మదస్తుడు. మధ్యాహ్నం అన్నం తింటూ, "మేడం, ఒక మాట చెప్తా, కోప్పడొద్దు. ఆ పాప రాకపోతే మన లక్ష్యానికి మంచిదే గదా. చదవలేనోళ్ళలో ఒకరు తగ్గినట్టే" అన్నాడు.

ఇర్ఫానా ఆయన మీద విరుచుకుపడింది. నీకు బుద్ధి ఉండాదా అంది, నీ బిడ్డయితే ఇట్లే అంటావా అంది. పాపం ఆయన ముద్ద మింగలేక దిక్కులు చూశాడు. ఆమెకు అంత కోపం రావడానికి కారణం ఆనంద్ కాదు. పొద్దున హాజరు వేసేటప్పుడు అదే ఆలోచన ఆమె బుర్రలోనూ మెరిసింది. మెరిసిన మాట ఎవరికీ చెప్పలేదు, ఆయన పైకి అన్నాడు, అంతే తేడా. తన మీద తనకే అసహ్యం వేసి ఆమె కూడా అన్నం వదిలేసి లేచింది.

సాయంత్రం బడి వదలగానే స్కూటీ గుట్ట కింద పెట్టి, రాళ్ళలో నడుచుకుంటూ పోయింది. చెనక్కాయ పీకేసిన చేలలో మంద మేస్తోంది. జయంతి దూరంగా నిలబడి ఒక్కో గొర్రెనూ పేరు పెట్టి అదిలిస్తోంది. టీచర్ని చూడగానే మంద వెనక్కి జరిగింది. ఓబమ్మ బండ మీద కూర్చుని ఉంది.

"కోపమొచ్చి ఉంటే నన్ను తిట్టవ్వా. బిడ్డను మాత్రం బడికి పంపించు" అంది ఇర్ఫానా.

"నాకు కోపమేముంది తల్లీ. రంగు పూసినంక ఆ జీవం మొగం జూడబుద్ధి కాదు మాకు. ఎట్లాగూ పోయేదే గదా అని. నువ్వు మా పాప మొగం జూసి ఎన్ని దినాలయింది?"

జయంతిని ఆఖరిసారి ఎప్పుడు చదవమంది? గుర్తు చేసుకుందామంటే గుర్తుకు రాలేదు. పసుపుచుక్కలను పచ్చ చేసే హడావుడిలో ఎర్రచుక్కల జోలికే పోలేదు. ఆ పిల్ల ఏ వరసలో కూర్చుంటుందో కూడా వెంటనే తట్టలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి గాలిమరల వైపు తిరిగింది.

"తప్పు నాదే అవ్వా" అంది.

ఓబమ్మ కట్టెతో నేల గీకుతూ ఆలోచించింది. "ఉగాది దాకా పంపిస్తా. ఉగాదికి నేనే వస్తా బడికి. నా ఎదురుగా చదవల్ల. చదవకపోతే ఇంగ జీవాలెంబడే. నువ్వు మళ్ళా ఈ గుట్టెక్కి రావద్దు."

సరేనంది ఇర్ఫానా. కిందికి దిగుతూ లెక్క వేసుకుంది. నోరు జారి మండలమంతటికీ ఒక మాట ఇచ్చింది, ఇప్పుడు గుట్ట మీద ఇంకొకటి. మొదటిది తప్పితే నలుగురు నవ్వుతారు. రెండోది తప్పితే ఒక పిల్ల చదువు పోతుంది.

మరునాడు చార్టు చించేసింది. పిల్లలందరూ చూస్తుండగానే చించింది. తర్వాత జయంతిని తన పక్కన కూర్చోబెట్టుకుని చదివించి చూస్తే, పిల్లకు అక్షరాలు వచ్చు, గుణింతాలూ వచ్చు. వత్తు కనపడితే చాలు, బండ కింద తేలును చూసినట్టు ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా పక్క పిల్లలు అందించేవాళ్ళు. అట్లా అందిన మాటలతోనే ఏడో తరగతికి వచ్చేసింది.

"మీ గొర్రెల పేర్లు చెప్పు" అంది ఇర్ఫానా.

జయంతి ఆశ్చర్యపోయింది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. కర్రి, బొల్లి, మచ్చచెవిది, బొట్టుమూతి, ముక్కుపొడిది. ఇర్ఫానా వాటిని పలక మీద రాసి ముందు పెట్టింది. ఆ మందలో వత్తు లేని గొర్రె ఒకటైనా లేదు. రోజూ కళ్ళారా చూసే జీవాలు కనుక పిల్ల వాటిని చూసి బెదరలేదు. వారం తిరిగేసరికి, కర్రి తప్పిపోయిన రోజు ఏం జరిగిందో జయంతి చెప్తుంటే ఇర్ఫానా నల్లబల్ల మీద రాసింది, తరగతంతా చదివింది. మిగతా పిల్లలకు కుళ్ళు పుట్టింది. మా ఎనుము ఈనిన కత రాయండి మేడం, మా బోరు ఎండిపోయిన కత రాయండి మేడం అని వెంటపడ్డారు. తెలుగు పీరియడు లెక్కల పీరియడులోకి కూడా పాకింది. తిట్లు తిన్న ఆనంద్ సారు ఏమీ అనకుండా తన గంట వదిలేశాడు. ఇర్ఫానా ఆయనకు ఒకరోజు ఇంటి నుంచి బిర్యాని తెచ్చి పెట్టింది. ఆమె క్షమాపణ చెప్పే పద్ధతి అది.

అంతా నున్నగా ఏమీ సాగలేదు. మాఘమాసంలో మండలం నుంచి ఒక సారు తనిఖీకి వచ్చి జయంతిని లేపి చదవమంటే, ఆ పిల్ల నోరు తెరవలేదు. ఒక్క అక్షరం కూడా పలకలేదు. ఆయన ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఇర్ఫానా పామిడికి ఫోన్ చేసి, "నా వల్ల కాదు నాయనా" అని ఏడ్చేసింది. లాల్ అహమ్మద్ మిషను ఆపి అంతా విన్నాడు. "ఎన్ని కుట్లు విప్పినావు, గుడ్డ చినగలేదు గదా. మళ్ళా కుట్టు" అన్నాడు.

ఉగాది నాడు బడికి సెలవు కనుక, ఓబమ్మ ముందు రోజే వచ్చింది. వస్తూనే ఒక మెలిక పెట్టింది.

"బుక్కులోది వద్దు. బట్టీ పట్టి ఉంటాది. నేను చెప్తా, నువ్వు బోర్డు మీద రాయి. పాపను బయటికి పంపు."

జయంతి వేపచెట్టు కిందికి పోయింది. తలుపు మూశారు. ఓబమ్మ చెప్పిన మాటలను ఇర్ఫానా ఉన్నవి ఉన్నట్టే నల్లబల్ల మీద రాస్తూ పోయింది. చివరి రెండు వాక్యాల దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"అవ్వా, మనం అనుకున్న మాట ఇది కాదు గదా."

"అనుకునింది నేనే గదా. నేనే మార్చుకుంటి. అది ఇప్పుడు మొగమెత్తి మాట్లాడతాండాది తల్లీ. రాయి."

జయంతిని పిలిచారు. ఎవరూ అందించకూడదని ఇర్ఫానా ముందే కళ్ళతో బెదిరించింది. జయంతి బోర్డు ముందు నిలబడి, అవ్వను ఒకసారి చూసి, మొదలుపెట్టింది.

"ఎండలు... ముదురుతాండాయి. మే... మేత లేదు. జీవాలను కాలవ దిక్కు తోలుకుపోవల్ల. నేనొక్కదాన్నే... పోతా. జయంతి పోదు."

అక్కడ ఆగిపోయింది. వత్తు లేని మాట దగ్గర ఎందుకు ఆగిందో ఇర్ఫానాకు అర్థం కాలేదు. అందిద్దామని పెదవులు కదిలాయి. కదిలిన పెదవులను పంటికింద నొక్కిపెట్టింది. జయంతి వెనక్కి తిరిగి అవ్వ మొహంలోకి చూసింది. అప్పుడు తెలిసింది ఇర్ఫానాకు. పిల్ల ఆగింది అర్థమై.

జయంతి మళ్ళీ బోర్డు వైపు తిరిగింది. అక్షరాలు ఎక్కడా తడబడలేదు.

"ఇది చదివినా జయంతి బడికే పోతాది. చదవకపోయినా బడికే పోతాది."

ఇర్ఫానా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆనంద్ సారు కిటికీ దగ్గర నిలబడి దగ్గుతున్నట్టు నటించాడు. తరగతిలో ఇంకా ఇద్దరు పిల్లలు తడుముకుంటూనే ఉన్నారు. మండలం సమావేశంలో ఆ మాట ఉన్నదున్నట్టు చెప్తుంది. నవ్వేవాళ్ళు నవ్వనీ. వచ్చే ఏడు కూడా బడి ఉంటుంది, ఆ ఇద్దరూ ఉంటారు, తనూ ఉంటుంది.

ఓబమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. గుట్ట అవతల గొర్రెపిల్ల అరిస్తే వినపడే చెవి అది.

"ఆ కడపటి మాట ఇంగోసారి చదువు పాపా. నాకు సరిగ్గా ఇనపడలే."

జయంతి మళ్ళీ చదివింది, ఈసారి గట్టిగా.