వానకంటే ముందు చుట్టిన పడుగు

రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని, సాయంత్రానికి ఏం చేశానో చెప్పలేకపోవడం నాకు అలవాటైపోయింది. ఒళ్ళు అలిసేలా ఒక్కరోజైనా పనిచేయాలనిపించేది. తిరువళ్ళూరులో మా పక్కింటి రేవతితో ఆ మాటే అంటే, "శనివారం ఊళ్ళో మా అమ్మ పడుగు పరస్తాది. రా, చేద్దువు" అంది. మగ్గం మీద నిలువుగా ఉండే పోగులే పడుగు. నేతకు ముందు దాన్ని వీధి పొడవునా లాగి కట్టి, గంజి పట్టించి ఆరబెడతారు.

తెల్లవారకముందే రైలెక్కాం. తిరుత్తణికి సుమారు గంట ప్రయాణం, టికెట్టు ఇరవై రూపాయల లోపే. స్టేషను బయట వేడి ఇడ్లీలు తిని ఆర్.కె.పేట వైపు వెళ్ళే టౌన్ బస్సు పట్టుకున్నాం. అందులో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. "యాడికి మా, ఇంత పొద్దున్నే?" అన్నాడు కండక్టరు. "పడుగు పనికి" అన్నాను గొప్పగా. నా కొత్త చుడీదారు చూసి, "సరి సరి, గంజి జాగ్రత్త!" అని నవ్వాడు.

ముప్పావు గంటలో వాళ్ళ ఊళ్ళో దిగాం. నేతవాళ్ళ వీధిలోకి తిరగగానే నా కాళ్ళు ఆగిపోయాయి. నీలం, తెలుపు పోగులు ఈ చివర నుంచి ఆ చివరకు నడుమెత్తున బిగుసుకుని ఎండలో మెరుస్తున్నాయి. రేవతి వాళ్ళమ్మ కుప్పమ్మ పలకరిస్తూనే నా చేతికి గంజి పట్టించే పొడవాటి కుంచె అందించింది. "అదమొద్దు మా. తల దువ్వినట్టు పో." అటు చివరి దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళాను. భుజాలు మండుతున్నా ఆపాలనిపించలేదు.

ఇంతలో తూర్పున మబ్బు కమ్మింది. ఆరకముందే తడిస్తే గంజి కారి, పోగులు ముద్దకట్టి, ఆ నెల నేతంతా పోయినట్టే. కుప్పమ్మ గొంతెత్తి అరిచింది: "వాన వస్తాండాది! సీక్రం రాండి!" పొయ్యి మీద చారు వదిలేసి ఒకామె, లుంగీ ఎగ్గట్టుకుని ఎదురింటి దొరసామి మామ, ఇలా ఇళ్ళల్లోంచి అందరూ పరుగెత్తుకొచ్చారు. కొందరం అట్టలతో విసిరాం, కొందరు పోగులు విడదీశారు. "ఆరింది, చుట్టండి!" అని మామ కేక వేయగానే ఒకవైపు నేను బిగించి పట్టుకుంటే, అటు నుంచి మిగతావాళ్ళు చుట్టుకుంటూ వచ్చారు. పడుగు అరుగు మీదికి చేరిందో లేదో, వాన దబదబా కురిసింది. వీధంతా ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు! నేనూ గట్టిగా అరిచాను, ఎందుకో తెలియకుండానే.

అరుగు మీద రాగిసంగటి తింటూ కుప్పమ్మ చెప్పింది: "నేనూ మూడేండ్లు కంపెనీకి పోయినాను మా. బస్సొస్తాది, పోతాము, వస్తాము. ఏం చేసినానో నాకే తెలిసేది కాదు. ఇదైతే సాయంత్రం చెయ్యి పెట్టి తడిమి చూసుకోవచ్చు."

తిరుగు రైల్లో చేతులు పైకి లేవలేదు. అయినా ఇంత తేలిగ్గా నేనెప్పుడూ లేను. కష్టం తగ్గితే సుఖం అనుకునేదాన్ని. ఆ పొద్దున మాత్రం కష్టమే పండగలా ఉంది, నలుగురితో కలిసి చేసినందుకు, చేసింది కళ్ళెదుట నిలిచినందుకు. మీరు వెళ్ళాలనుకుంటే ఒక్క మాట: పడుగు రోజూ పరచరు, ముందే కనుక్కుని ఏడింటికల్లా వీధిలో ఉండండి. పాత బట్టలే వేసుకోండి, ఊరికే నిలబడి చూడనివ్వరు.