మాగ్న్‌హిల్డ్ అల్లిన పొడుగు మేజోళ్లు

డోవ్రే కొండల కింద మా లోయలో సీవర్ట్ పేరుగల వాళ్లు ముగ్గురున్నారు గానీ, చప్పుడు చెయ్యని సీవర్ట్ మాత్రం ఒక్కడే. గొర్రెలు మేపుకుని, గడ్డి కోసుకుని బతికిన మనిషి. ఆగస్టు ఇరవై వచ్చిందంటే తుపాకీ భుజాన వేసుకుని రెయిన్‌డీర్ దుప్పుల వెంట కొండెక్కేవాడు. వయసులో ఉండగా పక్కింటి వంటగదిలోకి వచ్చి నిలబడితే, ఆ ఇంటావిడ వెనక్కి తిరిగేదాకా మనిషున్నాడని తెలిసేది కాదట. అలా ఆవిడ పగలగొట్టిన గిన్నెలు మూడు.

డెబ్భై ఒకటో ఏట ఆ పేరు పోయేటట్టు కనిపించింది. కిందటి వేటలో దుప్పుల మంద రెండుసార్లు అతని ముందు నుంచే పారిపోయింది. రెండుసార్లూ అల్లుడు ట్రూల్స్ వెనకే ఉన్నాడు. కానీ ముందు నడిచినవాడు సీవర్ట్ కనుక తప్పు సీవర్ట్ ఖాతాలోనే పడింది. వాళ్ల వేట జట్టుకు ఒక కట్టుబాటు ఉంది. మందను మూడోసారి బెదరగొట్టినవాడు మళ్లీ తుపాకీ ముట్టకూడదు. కొండమీది గుడిసెలో కూర్చుని అందరికీ బంగాళాదుంపలు వలవాలి. ఆ కట్టుబాటు పెట్టింది సీవర్టే, వయసులో ఉండగా, తనదాకా రాదన్న ధీమాతో.

అందుకని జూన్‌లోనే చప్పుడు కాని చెప్పుల కోసం వెతుకులాట మొదలుపెట్టాడు. పెరట్లో కంకర పరిచాడు. పక్కింటి హాల్వర్‌ని కుర్చీలో కూర్చోబెట్టి కళ్లకు తువ్వాలు కట్టాడు.

"ఒరేయ్ హాల్వర్, ఇప్పుడు నువ్వు దుప్పివి. నా అడుగు వినపడితే చెయ్యెత్తు."

"దుప్పికి కాఫీ ఒక్కటేనా, జున్ను పెట్టరా?"

"దుప్పులు మాట్లాడవు. నోర్మూసుకుని మెయ్యి."

ముందు సీవర్ట్ తన నాన్న మేకుల బూట్లు వేసుకున్నాడు. హాల్వర్ రెండు చేతులూ ఎత్తాడు. తరవాత రబ్బరు బూట్లు, మనవరాలు వదిలేసిన ఆటల బూట్లు, ఇంట్లో తొడుక్కునే ఉన్ని చెప్పులు. దేనికైనా చెయ్యి లేస్తూనే ఉంది. చివరికి సీవర్ట్ అన్నీ విడిచేసి వట్టికాళ్లతో, ఊపిరి బిగబట్టి, కంకర పక్కన పచ్చిక మీద నాలుగడుగులు వేశాడు.

చెయ్యి లేచింది.

"నీకు చెవుల్లో ఏదో రోగం ఉందిరా!"

"నాక్కాదు. ఒకసారి ఆ రాయి మీద కూర్చో. కూర్చున్నావా? ఇప్పుడు లే."

సీవర్ట్ లేచాడు. టక్.

"అదీ చప్పుడు. నీ చెప్పులది కాదు, మోకాళ్లది."

వంటగది కిటికీలోంచి కూతురు ఓస్తా తల బయటపెట్టింది. "ఇన్నాళ్లకి తెలిసిందా నాన్నా? నువ్వు గేటు దగ్గరుండగానే అమ్మకి వినిపించేది. మోకాళ్లు మోగగానే కాఫీ పొయ్యి మీద పెట్టేది."

"మరి నాకొక్క ముక్క చెప్పలేదేం?"

"చెబితే వేట మానేస్తావని. మానేస్తే ఆగస్టంతా ఇంట్లోనే ఉంటావు కదా!"

హాల్వర్ కాఫీ ఒలికేటట్టు నవ్వాడు. సీవర్ట్ నవ్వలేదు. తిన్నగా పడకగదిలోకి వెళ్లి సొరుగు లాగాడు.

బండల మీద చప్పుడు కాకుండా బూట్ల మీదుగా తొడుక్కునే ముతక ఉన్ని మేజోళ్లు భార్య మాగ్న్‌హిల్డ్ ఏటా ఒక జత అల్లేది. ఆఖరి పదేళ్లలో అవి ఏడాదికేడాది పొడుగవుతూ వచ్చాయి. "నీకు లెక్క రాదా, ఇవి నా కాళ్లకా, గుర్రం కాళ్లకా?" అని వెక్కిరించి, అతను వాటిని చీలమండల దాకా మడిచేసుకునేవాడు. ఆవిడ తలెత్తకుండా అల్లుకుపోయేది. ఆఖరి జత తొడల దాకా ఉంది. ఆవిడ పోయి మూడు శీతాకాలాలైనా దాన్ని తొడగలేదు. ఇంకో జత అల్లే మనిషి లేదు, ఒక్క రోజు బండల మీద నడిస్తే ఉన్ని అరిగిపోతుంది.

ఇప్పుడు వాటిని చేతుల్లోకి తీసుకుని తడిమి చూశాడు. మోకాలు వచ్చేచోట ఉన్ని రెండు మడతలుగా, చిన్న దిండులా ఉంది.

మంచం మీద కూర్చుని ఆ దిండును మోకాలికి ఆనించి చూసుకున్నాడు. లేచేటప్పుడు టక్కుమంది.

ఆగస్టు ఇరవై పొద్దున ఆ మేజోళ్లనే బూట్ల మీదుగా తొడల దాకా లాక్కుని గుడిసె బయటికి వచ్చాడు. జట్టంతా నోరు తెరిచింది.

"పెళ్లికూతురు వచ్చిందర్రా!" అన్నాడు హాల్వర్.

"ఏడ్చావులే. పద అల్లుడూ."

కొండమీద పొగమంచు పాలలా పట్టేసింది. మామా అల్లుళ్లు గాలికి ఎదురుగా ఒక బండ వెనక బోర్లా పడుకున్నారు. కాసేపటికి సీవర్ట్ చెవులు రిక్కించాడు. టక్. టక్ టక్. మోకాళ్లు మోగుతున్నాయి! రెండు చేతులతో రెండు మోకాళ్లూ గట్టిగా పట్టుకున్నాడు. అయినా ఆగలేదు. కదలకుండా పడుకున్న మనిషి మోకాళ్లు ఎలా మోగుతాయి? ఇంక దుంపల కత్తే గతి అనుకున్నాడు.

అప్పుడు పొగమంచు కాస్త విడింది. ఎదురుగా అరవై దుప్పులు మేస్తూ నడిచివస్తున్నాయి. అడుగు వేసినప్పుడల్లా ఒక్కోదాని కాలి నరం ఎముక మీద జారి టక్కుమంటోంది. యాభై ఏళ్లుగా విన్న చప్పుడే. తన మోకాళ్లు పలికేదీ అదే భాష అని ఒక్కరోజూ తోచలేదు.

వెనక ట్రూల్స్ కాస్త సర్దుకున్నాడు. పట్నంలో కొన్న కొత్త బూటు తడికి కీచుమంది. అరవై తలలూ ఒక్కసారి లేచాయి.

సీవర్ట్‌కి కిందటేడు రెండుసార్లూ ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. అల్లుడి వైపు ఒక్క చూపు చూశాడు. సీవర్ట్ మెల్లగా కుడి మేజోడు మోకాలి కిందికి దించి, కాలు మడిచి చాపాడు.

టక్.

ముందున్న ముసలి ఆడదుప్పి చెవి ఇటు తిప్పింది. మళ్లీ ఒకటి. టక్. దాని తల నాచులోకి దిగింది. దాన్ని చూసి మిగతావీ దిగాయి. కాసేపాగి సీవర్ట్ తుపాకీ ఒక్కసారే పేలింది.

సాయంత్రం గుడిసెలో మాంసం ఉడుకుతుండగా ట్రూల్స్ నెమ్మదిగా అడిగాడు, "మామయ్యా, మరి కిందటేడు ఆ రెండూ..."

"నీ ఖాతాలోవే. మూడోది ఒకటి మిగిలింది."

ట్రూల్స్ కత్తి అందుకుని, ఎవరూ అడక్కుండానే దుంపల బుట్ట దగ్గర కూర్చున్నాడు.

"అలవాటు చేసుకుంటున్నాడు," అన్నాడు హాల్వర్.

"మాగ్న్‌హిల్డ్ ఒక్కసారైనా కొండెక్కి ఉంటే అంత ఉన్ని దండగ చేసేది కాదు," అన్నాడు సీవర్ట్. అంటూనే దిగిన మేజోడు మళ్లీ మోకాలి మీదికి లాక్కున్నాడు.

వారం తరవాత ఇంటికి వచ్చేసరికి మేజోళ్ల మడమలు రెండూ అరిగి వేళ్లు దూరేంత కన్నాలు పడ్డాయి. ఓస్తా వాళ్లమ్మ సూదుల డబ్బా తెచ్చి, మేజోళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మడమలు కుట్టమ్మా," అన్నాడు సీవర్ట్. "మోకాళ్ల దగ్గర మాత్రం చెయ్యి పెట్టకు."