నలభై ఏడు ఫోన్ల లంక

తుపాను రోజున మా తూములంకలో ఒక్క మనిషి కూడా లేడు. ఇది నా మాట కాదు, ఏలూరులో ఉన్న కాగితం మాట. ముందురోజు కట్ట రోడ్డు మీదకు ఒక బస్సు వచ్చింది. పదమూడుగురు ఎక్కారు. అందరినీ బస్సు ముందు నిలబెట్టి, చేతికి బ్యానరిచ్చి, ఫొటో తీసి, లంక మొత్తం ఖాళీ అయిందని రాసుకుని వెళ్లిపోయారు. మిగిలిన ఆరువందల మందిమీ ఇక్కడే ఉన్నాం. సాయంత్రానికి కట్ట రోడ్డు కొల్లేట్లో కలిసిపోయింది.

మేం కదలకపోవడంలో గొప్పతనమేమీ లేదు. చేపల్ని వదిలి వెళ్లబుద్ధి కాలేదు, అంతే. కరెంటు పోతే చెరువు నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆగుతాయి. అవి ఆగితే చేప చచ్చి తేలుతుంది. అందుకని కరెంటు పోయినప్పుడల్లా సెల్ టవరు జనరేటరులోంచి డీజిలు తోడుకోవడం మా ఊరి అలవాటు. దాన్ని దొంగతనమని ఎవరూ అనరు. బదులంటారు. చేపల పట్టుబడి అయ్యాక తెచ్చి పోస్తారు, గుర్తుంటే. ఆ రోజు గాలి మొదలవగానే అబ్బాయిరాజు గారు ట్యాంకును అడుగు దాకా తోడించారు. నూట ఇరవై ఎకరాల చెరువులు లీజుకు చేసే ఆసామి ఆయన. నేను బడి వరండాలోంచి చూస్తూనే ఉన్నాను. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు నీతులు చెప్పి రిటైరైన హెడ్మాస్టరుని, నోరెత్తలేదు. ఆయన చెరువుల్లో నాకూ ఒక వాటా ఉంది మరి. చేపలు ఇంకో రోజు బతికాయి, లంకలో ఫోన్లన్నీ మూగబోయాయి.

రెండో రోజు పొద్దున ఎగిరొచ్చిన రేకు ఒకటి ఏసోబు కాలు కోసేసింది. వలలు అల్లుకుని బతికే మనిషి. నెత్తురు ఆగింది గానీ మూడో రోజుకు పాదం నల్లబడింది, ఒళ్లు కాలిపోతోంది. ఊళ్లో మిగిలినవి రెండు తాటి దోనెలు. ఆ వరద పోటులో పడుకున్న మనిషిని వేస్తే బోల్తా కొడతాయి. ఏలూరు నుంచి ఇంజను పడవ రావాలి. రమ్మని చెప్పడానికి దారి లేదు.

"మాస్టారండీ, ఎవరికో ఒకరికి కబురెట్టండి. ఈ పూట దాటేలా లేడండి" అని అతని భార్య వరమ్మ నా గుమ్మం దగ్గర కూలబడింది. చూద్దాంలే అన్నాను. ఏం చూస్తానో నాకే తెలియదు.

ఆ పూటే శామ్యూల్ వచ్చాడు. పెదపాడు మనిషి. వాళ్ల నాన్న టెలిఫోను స్తంభాలకు గోతులు తవ్వాడు, ఇతను పదిహేనో ఏట కేబులు పాతడంతో మొదలుపెట్టి, యాభై రెండో ఏటికి పదకొండు టవర్లు చూసే కాంట్రాక్టు మెకానిక్కు అయ్యాడు. ఎదుగుదలంటే అంతే. గుర్రపుడెక్కలో నాలుగు గంటలు ఒంటరిగా గెడ వేసుకుంటూ, దోనెలో రెండు డీజిలు డబ్బాలతో వచ్చాడు.

"నిన్ను పంపారా?" అని అడిగాను.

"లేదండి. ఖాళీ అయిన ఊరు, ఆఖరున చూద్దామన్నారండి. చేపల్ని వదిలేసి మీరు కదలరని నాకు తెలుసు కదండి."

అతను డబ్బాలు దించేలోపే అబ్బాయిరాజు గారు వచ్చారు. మామూలు రోజుల్లో "ఒరేయ్ టవరోడా" అని పిలిచే మనిషి, ఆ రోజు గొంతులో వెన్న రాసుకున్నారు.

"ఏవండీ శామ్యూల్ గారూ, ఒక్క డబ్బా ఇటు ఇప్పించండి. చేప తేలిపోతోందండి. మళ్లీ పోసేస్తాం కదండీ."

శామ్యూల్ ఒక డబ్బా మీద కూర్చుని రెండోది ట్యాంకులో పోశాడు. తర్వాత ఆ కూర్చున్నది కూడా పోసి, మూతకు తాళం వేశాడు. ఆ మర్యాదకు అంతకన్నా జవాబు అక్కర్లేదు.

జనరేటరు ఆడింది గానీ సిగ్నలు రాలేదు. పెదపాడు టవరు వైపు చూడాల్సిన డిష్షు గాలికి పక్కకు తిరిగిపోయింది. పైకెక్కి తిప్పాలి. నడుముకు కట్టుకునే బెల్టు ఏలూరు ఆఫీసులో ఉందట, భద్రతా వారోత్సవాల్లో ఫొటోకని తీసుకుని ఇంకా ఇవ్వలేదట. పంచెను నడుముకు బిగించి ఎక్కాడు.

కింద మీటరులో సిగ్నలు అంకె చూసి చెప్పేవాడు కావాలి. పైన గాలికి అరుపు వినపడదు. జనరేటరు నుంచి చర్చి మైకుకు వైరు లాగాం. నేను ఒక్కో అంకె చదువుతుంటే లంక లంకంతా వాకిళ్లలో నిలబడి విన్నారు. ఏ ఎన్నికల లెక్కింపునీ మా వాళ్లు అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని వినలేదు. అరగంటకు అంకె కుదిరింది. నా ఫోనులో గీతలు లేచాయి.

కంట్రోలు రూముకు చేశాను. అవతల ఒక ఆడమనిషి గొంతు.

"తూములంక ఖాళీ అయిందని ఉందండి. మనుషులు లేని ఊరికి బోటు ఎలా పంపమంటారు?"

"మరి మీతో మాట్లాడుతున్నది ఎవరండి?"

"అదే నాకూ అర్థం కావట్లేదండి" అంది, ఎంతో మర్యాదగా. పెట్టేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. శామ్యూల్‌కు మాత్రం ఆశ్చర్యం కూడా కలగలేదు.

"మనిషి ఉన్నాడంటే వాళ్లు నమ్మరండి. ఫోను ఉందంటే నమ్ముతారు. చార్జింగున్న ఫోన్లన్నీ ఆన్ చెయ్యమని మైకులో చెప్పండి. టవరుకు ఎన్ని తగిలాయో ఆఫీసు కంప్యూటర్లో కనపడుతుందండి."

చెప్పాను. మూడు రోజులుగా ఆపి దాచుకున్న ఫోన్లు ఇంటింటా వెలిగాయి. నాదీ శామ్యూల్‌దీ కలుపుకుని నలభై ఏడు. శామ్యూల్ ఏలూరులో తనకు తెలిసిన ఇంజనీరుకు చేసి, ఆ నంబర్ల జాబితా కంట్రోలు రూముకు పంపించాడు. గంటన్నరలో ఇంజను పడవ వచ్చింది. ఆరువందల మందికి నలభై ఏడు పులిహోర పొట్లాలు తెచ్చారు. రెండు ఫోన్లున్న అబ్బాయిరాజు గారికి రెండు పొట్లాలు ఇస్తే, రెండూ తీసుకున్నారు.

ఏసోబును మంచం మీద మోసుకొచ్చాం. పడవలో ఉన్న కుర్ర ఆఫీసరు జాబితా తీశాడు.

"పేషెంటు ఫోను నంబరు చెప్పండి."

"ఆయన ఫోను నీళ్లలో పోయిందండి" అంది వరమ్మ.

"అలాగైతే జాబితాలో లేరండి. లేనివారిని ఎక్కించుకుంటే నేను సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఒక్కసారి పైవాళ్లను కనుక్కోనివ్వండి."

ఏసోబు కళ్లు అప్పటికే తేలిపోతున్నాయి. చదువుకున్నవాణ్ణి, ఆ కుర్రాడికి నేనొక ఉపన్యాసం మొదలుపెట్టాను. శామ్యూల్ తన జేబులోంచి ఫోను తీసి ఏసోబు చొక్కా జేబులో పెట్టాడు.

"ముప్పై ఒకటో నంబరు చూడండి. ఆ ఫోను ఈయన దగ్గరే ఉందండి."

ఆఫీసరు చూశాడు. ఉంది. టిక్కు పెట్టుకున్నాడు. పడవ కదిలింది.

ఏసోబుకు పాదం తీసేశారు, ప్రాణం దక్కింది. పెద్దాసుపత్రిలో ఆ ఫోను మోగినప్పుడల్లా ఎవరిదో ఏమోనని వరమ్మ భయపడి ఎత్తలేదట. శామ్యూల్ ఇక్కడ ఇంకో నాలుగు రోజులు జనరేటరు పక్కనే పడుకుని, కరెంటు వచ్చేదాకా లంకకు మాట పోకుండా కాపలా కాశాడు. ఇంటికెళ్లేసరికి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చి ఉంది. అత్యవసర సమయంలో నాలుగు రోజుల పాటు ఫోను ఎత్తనందుకు పనిలోంచి తీసేస్తున్నామని అందులో రాశారు.

పెదపాడు వెళ్లి ఆ ఉత్తరం చదివాను. రాసినవాడి మొహాన కొట్టాలనిపించింది. నేనొక అర్జీ రాసిస్తానన్నాను. శామ్యూల్ ఉత్తరాన్ని మడిచి, నాకు మంచినీళ్లు ఇచ్చాడు.

"అర్జీ సంగతి తర్వాత చూద్దాంలెండి మాస్టారండీ. ఏసోబు అన్నం తింటున్నాడా అండి?" అని అడిగాడు.

ఏసోబు లంకలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండే మనిషి. ఆసుపత్రి నుంచి వచ్చి వారమైంది. తింటున్నాడో లేదో నేను వెళ్లి చూడలేదు.