నాన్న రుచి చూసిన నీళ్లు

మా నాన్న కాలువ మీద లస్కరు. అంటే గట్టు వెంబడి సైకిలు మీద తిరుగుతూ, తూములు ఎత్తుతూ దించుతూ, ఎవరి పొలానికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూసుకునే చిన్న ఉద్యోగి. మా ఊరు కొల్లేటి అంచున, గోదావరి కాలువకి చిట్టచివర ఉంటుంది. చివరనున్నవాళ్లకి ఏదైనా ఆఖరునే వస్తుంది. నీళ్లు ఆఖరున వస్తాయి, రోడ్డు ఆఖరున వస్తుంది, పోయేటప్పుడు మాత్రం కరెంటు మా దగ్గరే ముందు పోతుంది. పై ఊళ్లు వాడుకోగా మిగిలినవీ, కడుక్కోగా వదిలినవీ మాకు చేరతాయి. నీళ్లు పల్లానికే కదా పారేది, ఎవర్ని తిడతాం?

వేసవిలో కాలువలు కట్టేస్తారు. మరమ్మతుల కోసమని చెబుతారు గానీ, మా చివరి తూముకి మరమ్మతు జరగడం నేనైతే చూడలేదు. ఇనప తలుపు అడుగున తుప్పు పట్టి చెయ్యి దూరేంత కన్నం పడితే, నాన్న అందులో గోనెసంచులు కుక్కేవాడు. ఏటా కొత్త సంచులు కావాలి. కాగితాల మీద ఆ తూము ఎన్నిసార్లు బాగుపడిందో ఆ పైవాడికే తెలియాలి.

కాలువ కట్టేసే ముందు, ఆఖరి వారంలో, ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. మళ్లీ నీళ్లు వదిలేదాకా ఊరంతా ఆ చెరువు మీదే బతకాలి. బోరు వేస్తే ఉప్పునీళ్లు. ఆ ఉప్పు కూడా ఏటేటా పెరుగుతోంది. వానలు వెనక్కి జరుగుతున్నాయనీ, కొల్లేరు ముందే ఎండిపోతోందనీ, అందుకే కొల్లేటిని సముద్రంతో కలిపే ఉప్పుటేటి గుండా ఉప్పునీళ్లు ఎగదన్నుతున్నాయనీ పెద్దవాళ్లు అనేవారు. నేను తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పుకునేవాణ్ణి కాబట్టి, దానికి ఇంకా పెద్ద పేర్లు పెట్టగలను. పేరు పెడితే ఉప్పు తగ్గదు.

చెరువు నింపే రోజున మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. తూము ఎత్తే ముందు లస్కరు కాలువలోకి దిగి, చెంబుతో నీళ్లు ముంచి, అందరూ చూస్తుండగా తాగాలి. ఆయన "బాగున్నాయండీ" అంటేనే తూము లేస్తుంది. పంచాయతీ ప్రెసిడెంటుగారి దగ్గర్నుంచి బిందెలు పట్టుకొచ్చిన ఆడవాళ్ల దాకా అందరూ గట్టు మీద నిలబడి ఆ మాట కోసం ఎదురుచూస్తారు.

మాది పేట. చర్చి వెనక నాలుగు వరసల ఇళ్లు. మా తాతని ఆ చెరువు మెట్లు దిగనిచ్చేవారు కాదు. ఎవరైనా దయతలచి పైనుంచి కుండలోకి వంచితే తెచ్చుకునేవాడట. ఆయన్ని ఊరంతా "ఒరేయ్" అనే పిలిచేది. ఆయన కొడుకు తాగి చెబితే గానీ ఇప్పుడు ఊరు తాగదు, పైగా "లస్కరుగారండీ" అంటుంది. నాన్నకి పొలం పుట్రా లేదు. ఆ ఒక్క మాటే ఆయన ఆస్తి. రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవర్నీ వెయ్యలేదు కాబట్టి, ఊరు ఏటా ఆయన్నే పిలిచేది. ఆ రోజు ఉతికిన పంచె కట్టుకుని, చర్చికి వెళ్లేటప్పుడు దువ్వుకున్నట్టు తల దువ్వుకుని వెళ్లేవాడు.

అమ్మ దీన్ని ఇంకోలా చూసేది. "విషమైతే ముందు ఎవరు పోవాలో వాళ్లకి బాగా తెలుసు. ఈయనేమో మర్యాద చేస్తన్నారు అనుకుంటన్నారు" అనేది. నాన్న నవ్వి, "నీ నోట్లోంచి ఒక్క మంచిమాట వచ్చిన రోజున వాన పడుద్దే" అనేవాడు. ఎవరు చెప్పింది నిజమో నాకు అప్పుడూ తెలీలేదు, ఇప్పుడూ తెలీదు. రెండూ నిజమే అయ్యుండచ్చు.

రెండువేల సంవత్సరం దాటాక, ఊళ్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, ఆ కాలువ కాలువలా లేదు. పైన పట్నాల మురుగంతా అందులోనే కలిసేది. ఎగువన ఒక ఫ్యాక్టరీవాళ్లు నీళ్లు వదిలిన రోజున కాలువ కషాయం రంగులోకి తిరిగి, నురగ కట్టి, కుళ్లిన బెల్లం వాసన వేసేది. మా చుట్టూ ఉన్న వరిచేలు చేపల చెరువులయ్యాయి. వాటిలో మేతకని కోళ్ల పెంట వేసేవారు. కాలువ కట్టేసే ముందు చేపల చెరువులవాళ్లందరికీ కొత్తనీళ్లు కావాలి కదా, అందుకని సరిగ్గా ఆ ఆఖరి వారంలోనే పాతనీళ్లు మోటార్లతో తోడి కాలువలోకి వదిలేవారు. అంటే చెరువుల్లో చేపలకి తేటనీళ్లు, ఊరికి ఆ చేపలు వదిలిన నీళ్లు. అడగాల్సిన ఆఫీసర్లు జీపులో వచ్చేవారు. వచ్చిన జీపు చేపలు లేకుండా తిరిగి వెళ్లడం నేను చూడలేదు.

ఒక ఏడాది నేను కాలేజీ ల్యాబు నుంచి చిన్న సీసా ఒకటి పట్టుకొచ్చాను. అందులో మందు పూసిన కాగితం ముక్క ఉంటుంది. నీళ్లలో మనుషుల మురుగు కలిస్తే ఒక్కరోజులో సీసా నల్లబడుతుంది. చెరువు నింపే ముందు రోజు పొద్దున్నే కాలువ నీళ్లు పట్టి కిటికీలో పెట్టాను. మర్నాటికి అది సిరాబుడ్డిలా ఉంది.

"ఇదేంట్రా?" అన్నాడు నాన్న.

"నీళ్లలో మురుగుంది నాన్నా."

"ఎంతుంది?"

"ఎంతని చెప్పదు. ఉందని చెబుద్ది."

ఆయన సీసాని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు. "నిన్న సాయంత్రం కూడా ఓ గుక్కెడు తాగాను. నా నాలిక్కి తెలీలేదే" అన్నాడు. ఆ గొంతు విని నాకు ఆ సీసా ఎందుకు తెచ్చానా అనిపించింది. పొయ్యి దగ్గర్నుంచి అమ్మ, "రోజూ అవే తాగే నాలిక్కి ఏం తెలుస్తాదండీ" అంది.

ఆ రోజు గట్టు మీద నాన్న చెంబు నోటి దాకా తీసుకెళ్లి దించేశాడు. "ఈ నీళ్లు వద్దండీ" అన్నాడు.

ప్రెసిడెంటుగారు కంగారుపడిపోయారు. "అదేంటండీ లస్కరుగారూ! నాలుగు రోజుల్లో కాలువ కట్టేస్తారు కదండీ!"

"రెండ్రోజులు చూద్దామండీ. పైన వదలడం ఆపితే తేటపడతాయి."

పైన ఎవరూ ఏదీ ఆపలేదు. ఆపకపోగా, ఆఖరి రెండు రోజులూ మోటార్లన్నీ ఒక్కసారిగా కాలువ నీళ్లని చేపల చెరువుల్లోకి తోడటంతో కాలువలో నీళ్లు మా తూము గడప కిందికి దిగిపోయాయి. ఇక ఎత్తినా ఒక్క చుక్క రాదు. కాలువ కట్టేశారు. మంచినీళ్ల చెరువులో మోకాలి లోతు పాచినీళ్లు మిగిలాయి.

ఆ వేసవి గురించి ఎక్కువ చెప్పను. చెరువు పక్కన ఎప్పుడో కట్టిన ఫిల్టరు బెడ్లలో మేకలు మేసేవి. ఒక చేపల చెరువు ఆసామి బోరు మీద మినరల్ వాటర్ ప్లాంటు పెట్టాడు. అది మనకి ఇచ్చే నీళ్లకంటే వెనకవైపు పారబోసే ఉప్పునీళ్లే ఎక్కువ. దానికీ కరెంటే కావాలి. ఎండలు ముదిరేసరికి చేపలకి ఊపిరి ఆడటం లేదని చెరువుల్లో ఏరేటర్లు పెట్టారు. పగలూ రాత్రీ నీళ్లని చిలికే యంత్రాలు. వాటిని మొయ్యలేక ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. బాగుచేసుకొచ్చి బిగిస్తే మళ్లీ కాలిపోయింది. ప్లాంటు ఆగింది, ఊరి ట్యాంకు ఆగింది, చివరికి ఏలూరు వైపు నుంచి వచ్చే ట్యాంకరే దిక్కయింది. అది వచ్చిన రోజు వచ్చినట్టు, రాని రోజు రానట్టు.

నాన్నని ఎవరూ తిట్టలేదు. మర్యాదగా చంపడం మా వైపువాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. "లస్కరుగారండీ, మీ ధర్మమా అని ట్యాంకరు నీళ్ల రుచి కూడా చూసేశామండీ" అనేవారు, నవ్వుతూనే. ఆయన తల వంచుకుని వెళ్లిపోయేవాడు. ఒకరోజు ట్యాంకరు వరసలో నిండు నెలల గర్భిణి ఒకామె కళ్లు తిరిగి పడిపోయింది. ఊళ్లో దర్జీ భార్య. నాన్న ఆమెని నీడలో కూర్చోబెట్టి, తన వంతు నీళ్లు ఆమె బిందెలో పోసి, ఆ బిందె తనే ఇంటిదాకా మోసుకెళ్లి వచ్చాడు. ఆ రోజు అన్నం తినలేదు. సీసా తెచ్చినవాణ్ణి నేను, మాటలు పడ్డది ఆయన.

మరుసటి ఏడు మళ్లీ కాలువ కట్టేసే వారం వచ్చింది. మళ్లీ సీసా పెట్టాను, మళ్లీ నల్లబడింది. నాన్న దాని వైపు చూడను కూడా చూడలేదు.

"చూపించక్కర్లేదురా. ఈసారి వాసనే చెప్పింది" అన్నాడు.

"మరి ఏమంటావు అక్కడ?"

"చూద్దాంలే."

ఉతికిన పంచె కట్టుకున్నాడు. తల దువ్వుకోలేదు. గట్టు మీద జనం ఆ ఏడు రెట్టింపు ఉన్నారు. నాన్న కాలువలోకి దిగి, నురగని చేత్తో పక్కకి తోసి, చెంబు నిండా ముంచి, ఆగకుండా మొత్తం తాగేశాడు. మామూలుగా ఒక గుక్క తాగేవాడు.

"బాగున్నాయండీ" అన్నాడు. "తూమెత్తండి."

ఎన్ని గొంతులు ఒక్కసారి ఊపిరి వదిలాయో! నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, నా మీద. ఎందుకంటే ఆ మాట వినగానే నా లోపల కూడా హమ్మయ్య అనిపించింది. మోకాలి లోతు చెరువూ, ట్యాంకరు వరసా మళ్లీ చూడక్కర్లేదు కదా అని. కెమిస్ట్రీ చెప్పేవాడి హమ్మయ్య అది.

జనం పలచబడ్డాక దర్జీ భార్య పది నెలల పిల్లని చంకనేసుకుని నా దగ్గరికి వచ్చింది. "ఏవండీ మాస్టారూ, దీనికి పాలపొడి కలుపుతున్నానండీ. ఈ నీళ్లు పట్టచ్చా?" అని అడిగింది.

నాన్న పక్కనే ఉన్నాడు, తడిసిన పంచె పిండుకుంటున్నాడు.

"మరగబెట్టి పట్టమ్మా" అన్నాను.

"మీ నాన్నగారు తాగి చెప్పారు కదండీ! మళ్లీ మరగబెట్టడం ఎందుకండీ, కిరసనాయిలు దండగ" అని నవ్వేసి వెళ్లిపోయింది. వెనక్కి పిలవచ్చు. పిలిస్తే ఏం చెప్పాలో కూడా నాకు తెలుసు. పిలవలేదు.

అమ్మ మాత్రం ఆ సాయంత్రమే పేటలో ఇంటింటికీ వెళ్లి నీళ్లు మరిగించుకోమని చెప్పి వచ్చింది. ఎందుకని అడిగినవాళ్లకి, "చెప్పింది చెయ్యండి, అడక్కండి" అందిట. ఊళ్లోకి వెళ్లి చెప్పలేదు. చెబితే నాన్న మాట పోతుంది.

పదిహేను రోజులు తిరక్కుండా ఆ పిల్లకి విరేచనాలు పట్టుకున్నాయి. ఏలూరు పెద్దాసుపత్రిలో సెలైను ఎక్కించారు. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు అన్నాడట. నాన్న రోజూ పొద్దున్నే బస్టాపు దాకా వెళ్లి, ఏలూరు నుంచి వచ్చే బస్సు దిగినవాళ్లని పిల్ల ఎలా ఉందని అడిగి వచ్చేవాడు. నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను.

బతికింది. ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున ఆమె మా పేటకి వచ్చింది, పిల్లనెత్తుకుని, ఇంకో చంకలో ఖాళీ బిందెతో. పిల్ల మొహంలో కళ్లు తప్ప ఏమీ లేవు. నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"మీరు బెంగెట్టుకున్నారని చెప్పారండీ, అందుకే వచ్చాను" అంది ఆమె. "ఊళ్లో ఎవరెవరో నీళ్ల వల్లేనని అంటన్నారు, నేను నమ్మలేదండీ. మీరు తాగి చెప్పారు కదా. ఆ పాలపొడే పడలేదండీ దీనికి. మీరేమీ మనసులో పెట్టుకోకండి."

అమ్మ లోపలికి వెళ్లిపోయింది. నాన్న అరుగు స్తంభం పట్టుకున్నాడు. ఆ ఒక్కమాటకి సరేనమ్మా అంటే చాలు, ఆయన మాట ఆయన చచ్చేదాకా నిలిచేది.

"నీళ్లే తల్లీ" అన్నాడు. "పాలపొడి కాదు. నాకు ముందే తెలుసు. తెలిసే బాగున్నాయన్నాను."

తిడుతుందనుకున్నాను. దుమ్మెత్తి పోస్తుందనీ, వీధంతా పోగవుతుందనీ అనుకున్నాను. ఆమె పిల్లని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

"మరి ఏం తాగమంటారండీ?" అని అడిగింది.

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. ఆయనకి తెలిసే ఉంటుందనుకుని అడిగింది. నాన్న నా వైపు చూశాడు. నేను కిందికి చూశాను. ఆమె "పోనీలెండి, మరిగించుకుంటాను" అని, బిందె తీసుకుని చెరువు వైపు వెళ్లిపోయింది.