అక్క కంటి తడి కోసం: జగిత్యాల, కోరుట్ల మీదుగా సిరిసిల్ల దాకా

"చెల్లే, ప్లగ్గు మల్ల ఊడిపోయిందే. మొకం కడుక్కున్నంక అద్దంల చూస్తె లేదు."

సిరిసిల్ల నుంచి మా అక్క ఎస్తేరు ఫోన్‌లో చెప్పిన ఈ మాటలతో మా ప్రయాణం మొదలైంది. అక్క బడిపిల్లల యూనిఫారాలు కుట్టే చోట మిషన్ మీద పనిచేస్తుంది. కొన్నేళ్లుగా ఆమెకు కళ్లు ఎండిపోయే జబ్బు. రెప్పల కింద ఇసుక పోసినట్టు గరగర, మంట, రోజంతా చుక్కల మందు. కంటి లోపలి మూల, ముక్కు పక్కన, రెప్పల అంచున సూదిమొనంత రంధ్రాలుంటాయి. ఊరిన కన్నీళ్లు ఆ దారినే ముక్కులోకి దిగిపోతాయి. ఉన్న కాస్త తడి కంట్లోనే నిలవాలని జగిత్యాలలోని కంటి డాక్టరు ఆమె రెండు కళ్లకూ కింది రెప్పల రంధ్రాల్లో సన్నటి సిలికాన్ ప్లగ్గులు పెట్టింది. ఎడమది నిలిచింది. కుడిది ఊడిపోవడం ఇది రెండోసారి. అది ఊడిన కొన్ని రోజులకే, మంటకు కళ్లు మూసుకున్న క్షణంలో మిషన్ సూది ఆమె చూపుడువేలి గోట్లోంచి దిగింది. ఆ సంగతి నాకు బావ చెప్పాడు, అక్క చెప్పలేదు. ఇక ఆలస్యం చేయొద్దని నేనే పట్టుబట్టి ఆమెను జగిత్యాలకు రప్పించాను. ఇలాంటి పనిమీద ఈ ఊళ్ల మధ్య తిరిగేవాళ్లకు పనికొస్తుందని ఆ రోజు సంగతి రాస్తున్నాను.

నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. అక్క ముందురోజు సాయంత్రమే మా ఇంటికి వచ్చింది. పొద్దున ఎనిమిది దాటాక షేర్ ఆటో ఎక్కాం. మనిషికి ఇరవై రూపాయలు. డ్రైవరు అద్దంలో అక్క ఎర్రటి కళ్లు చూసి బండి నెమ్మదించాడు.

"కండ్లకలక అచ్చిందా అక్కా? జర వెనక కూసోరాదు, నాకు ఇంట్ల చిన్న పోరడున్నడు."

"అంటుకునేది గాదు తమ్మీ. కండ్లల్ల నీళ్లు లేక ఎర్రగైనయ్."

"నీళ్లు లేకపోవుడు గూడ రోగమేనా? మా ఇంట్ల ఎప్పుడు జూసినా కండ్లల్ల నీళ్లే," అన్నాడతను. అక్క చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వింది. నవ్వితే ఎవరికైనా కళ్లు చెమ్మగిల్లుతాయి. ఆమెవి పొడిగానే ఉన్నాయి.

ఆసుపత్రికి తొమ్మిదిలోపే వెళ్లడం మంచిది, పది దాటితే మధ్యాహ్నం దాకా కూర్చోవాలి. ఓపీ చీటీకి మూడు వందలు తీసుకున్నారు. డాక్టరు చిన్న వయసామె, పెద్దపల్లి వైపు మనిషి. అక్క కింది రెప్పల్లో సన్నటి కాగితపు ముక్కలు పెట్టి, కాసేపయ్యాక అవి ఎంత తడిశాయో చూసింది. కళ్లను ఇలా ఎండగట్టే కీళ్లవాతం లాంటి వేరే జబ్బేమీ లేదని రక్తపరీక్షల్లో అప్పటికే తేలింది.

"ప్లగ్గు ఉన్నన్ని రోజులు మంట తగ్గిందా అమ్మా?" అని అడిగింది.

"తగ్గింది డాక్టరమ్మా. మంచిగ నిద్ర గూడ పట్టింది."

"అంటే దారి మూస్తే మీకు పనిచేస్తదని తెలిసింది. కన్ను నలుపుకుంటరా?"

అక్క నా వైపు ఒకసారి చూసి, "లేదమ్మా" అంది.

అప్పుడు డాక్టరు రెండు మార్గాలు చెప్పింది. మొదటిది, ఇంకాస్త పెద్ద సైజు ప్లగ్గు. ఇబ్బందైతే తీసేయొచ్చు, కానీ అదీ ఊడిపోవచ్చు. రెండోది కాటరీ. అంటే మత్తు సూది ఇచ్చి, రంధ్రాన్ని సన్నటి వేడి మొనతో కాల్చి మూసేయడం. అది దాదాపు శాశ్వతం. అరుదుగా మళ్లీ తెరుచుకుంటుంది. కొందరికి ఆ తర్వాత నీళ్లు ఎక్కువై చెంప మీదికి కారతాయి. అప్పుడు వద్దనుకున్నా వెనక్కి తేవడం తేలిక కాదు. "తొందరేం లేదు. ఆలోచించుకొని వచ్చే వారం రండి," అంది.

బయట టీ బండి దగ్గర నిలబడగానే నేను మొదలుపెట్టాను. "కాటరీ చేయించుకో అక్కా. మాటిమాటికి సిరిసిల్ల నుంచి ఉరుకుడు తప్పుతది."

"కన్ను పక్కన కాలుస్తరటనే. నీ కన్నయితె గింత జల్ది చెప్తవా?"

గ్లాసులో టీ చల్లారుతుండగా నాకు జైనబ్ ఆపా గుర్తొచ్చింది. కోరుట్లలో మా చిన్ననాటి పక్కింటావిడ, ఉర్దూలో ఆపా అంటే అక్క. ఆమెకు ఇదే జబ్బు, ఇదే కాటరీ జరిగిందని ఒక పెళ్లిలో ఎవరో చెప్పగా విన్నాను. సిరిసిల్లకు వేములవాడ మీదుగా నేరుగా పోవచ్చు, కోరుట్ల అంటే చుట్టు. అయినా "పోదామా?" అనగానే అక్క టీ గ్లాసు పక్కన పెట్టేసింది.

జగిత్యాల బస్టాండు నుంచి కోరుట్లకు, మెట్‌పల్లికి బస్సులు వెంటవెంటనే ఉంటాయి. ముప్పావు గంట ప్రయాణం. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే ఉచితంగా జీరో టికెట్. అక్క కార్డు ఇచ్చి కళ్లు చికిలిస్తుంటే కండక్టరు కార్డునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"ఫోటోల గూడ గిట్లనే కండ్లు మూసుకున్నవ్ గదా అక్కా. నువ్వే, ఇగ అనుమానం లేదు."

నేను అక్కను కిటికీ దగ్గర కూర్చోబెట్టి పొరపాటు చేశాను. గాలి తగలగానే ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. సీట్లు మార్చుకున్నాం. అవి పసుపు ఉడకబెట్టే రోజులు. కోరుట్ల దగ్గరపడేకొద్దీ చేల పక్క నుంచి ఆ పచ్చి ఘాటు, పొగ కలిసి బస్సులోకి వచ్చాయి. అక్క కళ్లు మూసుకునే, "వాసనతోనే చెప్పొచ్చు, ఊరచ్చింది," అంది.

బస్టాండు నుంచి మా పాత వీధికి నడిచే వెళ్లాం. మేమున్న రేకుల ఇంటి స్థానంలో ఇప్పుడు మొబైల్ దుకాణం ఉంది. ఆ గోడ పక్కనే అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. తునికాకు తడి వాసన, తంబాకు ఘాటు మా ఇంట్లో అన్నం వాసన కంటే ముందు తగిలేవి. వేళ్లకు తంబాకు ఉంటుంది గనుక అమ్మ కళ్లు దురదపెడితే మణికట్టుతోనో కొంగు మొనతోనో కంటి మూల నలుపుకునేది. ఆమె పక్కన కూర్చుని ఆకు కత్తిరించే అక్క కళ్లు మాత్రం వీధికంతా ఆస్తి. పొద్దువాలే వేళకు ముసలివాళ్లు సూది, దారం పట్టుకుని మా గుమ్మం ముందుకు వచ్చేవాళ్లు. "ఎస్తేరూ, జర ఎక్కియ్యి బిడ్డా" అనేవాళ్లు. అక్క దారం మొనను పెదవులతో తడిపి, చూసీచూడనట్టే ఎక్కించి ఇచ్చేది.

కాస్త ముందుకు పోతే ఒకప్పటి సినిమా హాలు. ఇప్పుడది పెళ్లిళ్ల ఫంక్షన్ హాలు. గేటు ముందు అక్క ఆగిపోయింది. బీడీల పైసలు చేతికొచ్చిన రోజు ఆమె నన్ను అక్కడికి తీసుకుపోయేది. అక్క ఏడవడానికే సినిమాకు వచ్చేది. టైటిళ్లు పడకముందే కొంగు చేతిలోకి తీసుకునేది. తెర వెలుగులో ఆమె చెంపల మీద నీళ్లు మెరుస్తుంటే నేను సినిమా మానేసి ఆమెనే చూసేదాన్ని. బయటికొచ్చాక మిర్చీలు తింటూ, "మస్తుందే సినిమా. తనివితీర ఏడ్సిన," అనేది. ఆ రోజు గేటు ముందు నిలబడి, "గన్ని నీళ్లు ఏడికెల్లి అచ్చేటియో" అంది. నేను మాట మార్చి ఆమె చేయి పట్టుకుని నడిపించాను.

జైనబ్ ఆపా తన గాజుల దుకాణంలో ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది, గొంతు మాత్రం అదే. "అరే, ఎస్తేరు! చిన్నది గూడ అచ్చిందా!" అంటూ మమ్మల్ని లోపలికి లాక్కుపోయింది. బగారా అన్నం, పుల్లటి కట్టా చారు పెట్టి తినేదాకా ఒక్క ప్రశ్న అడగనివ్వలేదు. చేతులు కడుక్కున్నాక అక్క నెమ్మదిగా అడిగింది.

"కాల్చినప్పుడు నొప్పి అయిందా ఆపా?"

"అబద్ధం ఎందుకు చెప్పాలె? సూది ఇచ్చినప్పుడు సురుక్కుమన్నది. కాల్చినప్పుడు నొప్పి తెల్వలే. కని వాసన అచ్చింది చూడు, ఎంటిక కాలిన వాసన. గా వాసనకే గుండె దడదడ కొట్టుకున్నది."

"ఇప్పుడు మంచిగుందా?"

"మంట పోయింది. పొద్దుగాల లేస్తె రెప్పలు అతుక్కపోయేటియి, గదీ పోయింది. కని చలికి, గాలికి నీళ్లు కారుతయ్ బేటీ. బజార్ల పోతుంటె ఎవ్వలో ఒగలు ఆపి, ఏమైంది ఆపా, ఎందుకేడుస్తున్నవ్ అంటరు. పదిమంది అడిగినంక నిజంగనే ఏడుపొస్తది." ఆమె నవ్వి, అంతలోనే అక్క చేయి గట్టిగా పట్టుకుంది. "ఎస్తేరూ, కన్నెందుకు నలుపుతున్నవే?"

అక్క కొంగు మొన కుడికంటి లోపలి మూలలో ఉంది. సరిగ్గా ప్లగ్గు ఉండాల్సిన చోట. తను నలుపుకుంటున్నట్టు ఆమెకే తెలియలేదు. అమ్మ నలుపుకున్నట్టే, అదే చేయి, అదే కొంగు.

"రోజు గిట్లనే చేస్తున్నవా?" అన్నాను.

"బట్టల నూగు పడుతదే. మిషన్ మీద కూసున్నంతసేపు ఎగురుతనే ఉంటది. చెయ్యి దానంతటదే పోతది."

"మరి డాక్టరమ్మ అడిగితె లేదంటివి!"

జైనబ్ ఆపా నా మోకాలి మీద చిన్నగా తట్టి ఊరుకోమంది. వచ్చేటప్పుడు ఇద్దరి చేతులకూ డజను మట్టిగాజులు తొడిగింది. "ఎవ్వలో చెప్పిన్రని చేయించుకోకు, ఎవ్వలో చెప్పిన్రని ఆపకు. కన్ను నీది," అని అక్కకు చెప్పి పంపింది.

మూడు దాటాక కథలాపూర్ మీదుగా వేములవాడ వెళ్లే బస్సు దొరికింది. ఈ దారిలో బస్సులు తక్కువ, కోరుట్లలో దిగగానే వేళలు అడిగి పెట్టుకోవాలి. బస్సులో మా వాదన తిరగబడింది. ఆ కాలిన వాసన మాట నా ముక్కులోంచి పోలేదు. "కాటరీ వద్దక్కా. పెద్ద ప్లగ్గు పెట్టించుకో, నలుపుకునుడు బంద్ చెయ్యి, సరిపోతది," అన్నాను.

"బంద్ చేస్తనని నీకు చెప్పుతనే. రేపు మిషన్ మీద కూసున్నంక చెయ్యి ఆగది. చిన్నప్పటి సంది ఉన్న అలవాటు." ఆమె కొత్త గాజులను ముందుకూ వెనక్కూ జరిపింది. "మల్ల ఊడుతది. మల్ల వేలుల సూది దిగుతది. కుడికన్ను ఒక్కటి కాల్పించుకుంట. ఎడమదాన్ల ప్లగ్గు మంచిగనే ఉంది, గది ఉండనీ."

"నీళ్లు కారితె?"

"కారనీ. ఎండిపోయినదానికన్న నయమే గదనే?"

వేములవాడలో బస్సు మారితే సిరిసిల్ల అరగంట. దిగేసరికి పొద్దు వాలుతోంది. ఏ వీధిలోకి తిరిగినా మరమగ్గాల టకటక. ఇక్కడ వాటిని సాంచాలు అంటారు. బావ కూడా వాటి మీదే పనిచేస్తాడు. గుమ్మంలోనే ఎదురొచ్చి, "ఏమన్నదే డాక్టరమ్మ?" అన్నాడు.

"ఆమె ఏం చెప్పలే, ఆలోచించుకోమన్నది. నేనే అనుకున్న, కుడికన్నుకు చేయించుకుంట," అంది అక్క. అతను ఆమె ముఖంలోకి ఒక క్షణం చూసి, "సరే. నేనొస్త తోడు," అని మాత్రం అన్నాడు.

తీరా మరుసటి వారం ఆసుపత్రికి వెళ్లే రోజున సాంచా వదిలి రావడం అతనికి కుదరలేదు, నేనే తోడు వెళ్లాను. డాక్టరు గది తలుపు దగ్గర అక్క నన్ను ఆపి, "నువ్వు ఇక్కడ్నే కూసో," అంది. ఒక్కతే లోపలికి పోయి చాలాసేపు మాట్లాడింది. నలుపుకునే సంగతి, బట్టల నూగు సంగతి, వేలిలో దిగిన సూది సంగతి అన్నీ చెప్పిందట. అవన్నీ విని డాక్టరు కూడా కుడికంటికి కాటరీయే మేలంది, పనిలో పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు పెట్టుకోమంది. ఆ రోజే చేశారు. బయటికి వచ్చిన అక్క రెప్ప కొద్దిగా ఉబ్బి ఉంది. "అయిపోయింది. ఆపా చెప్పినంత వాసనేం రాలే," అంది. ఇప్పుడు ఆమె మళ్లీ మిషన్ మీద ఉంది. చుక్కల మందు పూర్తిగా పోలేదు, తగ్గింది. గాలి కొడితే కుడికన్ను కారుతుంది.

మన ఊరికి పోయినప్పుడు మనల్ని పెంచినవాళ్లు అప్పటి వయసులోనే కనిపిస్తారు. ఆ రోజంతా నేను సినిమా హాల్లోని అక్క పక్కనే నడిచాను. కానీ కథలాపూర్ దారిలో నా పక్క సీట్లో ఉన్నది వేరే మనిషి. తన చేయి తన మాట వినదని ఒప్పుకుని, తన కంటి గురించి తనే తేల్చుకున్న మనిషి. ఆమెను నేను అంతకుముందు ఎరగను. ప్లగ్గు మేలా, కాటరీ మేలా అంటే నా దగ్గర జవాబు లేదు. అది ఆ కంటినీ, ఆ మనిషి చేసే పనినీ బట్టి ఉంటుంది.

ఇక ఇలా వెళ్లేవాళ్లకు ఒక సలహా. అది నాది కాదు, అక్కది. మొదటి రోజు డాక్టరు అడిగినప్పుడు నిజం ఎందుకు చెప్పలేదని తర్వాత ఎప్పుడో అడిగితే ఆమె నవ్వింది. "నువ్వు పక్కనుంటివి. బడిల పిల్లలను చూసినట్టు చూస్తవు. నీ కథల గిట్ల రాయి: డాక్టరు దగ్గరికి తోలుకపోయేటోళ్లు తోలుకపోవాలె, మాట్లాడేటప్పుడు జరసేపు బయట కూసోవాలె."