ఖాజా భాయ్ కొట్టిన కోర్

1988లో సిద్దిపేటకు రైలు లేదు. అయినా ఊరి బయట మా ఫౌండ్రీలో గూడ్సు వ్యాగన్ల బోగీ భాగాలు పోతపోసే ప్రయత్నం మొదలైంది. జనం రైలు డబ్బానే బోగీ అంటారు గానీ, మా పనిలో బోగీ అంటే డబ్బా కింద చక్రాలను పట్టి ఉంచే చట్రం. అందులో అడ్డంగా ఉండి బరువు మోసే ఉక్కు దూలం బోల్‌స్టర్. నేను ఇన్‌స్పెక్టర్‌ని. పేరు పెద్దదే, చేసేదల్లా వంకలు పెట్టడం.

అచ్చులు కట్టే మోల్డర్ ఖాజా భాయ్ అంతకుముందు మిరుదొడ్డి దారిలోని సొంత షెడ్డులో పంపుల ఇనుప భాగాలు పోసేవాడు. షెడ్డు తమ్ముడికి అప్పగించి మా దగ్గర చేరాడు. నమూనా బోల్‌స్టర్ పాసైతే అతని నౌకరీ పర్మనెంటు.

బోల్‌స్టర్ లోపల బోలుగా ఉండాలి. ఆ ఖాళీ కోసం అచ్చులో పెట్టే ఇసుక దిమ్మను కోర్ అంటాం. ఉక్కు చల్లారుతూ బాగా ముడుచుకుంటుంది, అప్పుడు కోర్ నలిగి చోటివ్వాలి. అందుకే ర్యామర్‌తో, అంటే చేతి దిమ్మిసతో, దాన్ని మరీ గట్టిగా కొట్టకూడదు. చెప్పాం, తలూపాడు. కానీ ఇనుప పోతలో అతనికి గట్టి ఇసుకే మంచి పని. ఆ రోజు ప్రాణం పెట్టి చేశాడు, అంటే ఇంకాస్త గట్టిగా కొట్టాడు.

పోత చూడముచ్చటగా వచ్చింది. అయస్కాంత శక్తి పెట్టి సన్నటి ఇనుప పొడి చల్లాను. లోపలి మూలలో పొడి గీతలా చేరింది. పగులు!

"వెల్డింగ్ పెడితే పోదా సార్?"

"బరువు మోసే జాగ ఖాజా భాయ్. రైల్వేవాళ్లు ఒప్పుకోరు."

అతను ఆ గీత మీద వేలు ఆనించాడు. "ఇన్నేండ్లు ఇనుము నా మాట ఇన్నది సార్. ఉక్కు ఇనలే."

రిజెక్ట్ రాశాను. ఇప్పుడైనా అదే రాస్తాను. మర్నాటి నుంచి అతను పనికి రాలేదు, పిలిచినా రాలేదు. తర్వాతి నమూనా ఇంకో మోల్డర్ చేస్తే పాసైంది.

ఆ కబురు చెప్పడానికి షెడ్డుకు వెళ్లాను. పంపు భాగానికి అచ్చు కడుతున్నాడు.

"కోర్ మెత్తగ కొట్టిన్రా సార్?"

"మెత్తగనే."

"మంచిగైంది," అని నవ్వి ర్యామర్ ఎత్తాడు. అది ఇసుక మీద ఊరికే ఆనింది, దెబ్బ పడలేదు.

"గిది ఇనుమే గద ఖాజా భాయ్. గట్టిగ కొట్టు."

"తెలుసు సార్. చెయ్యి లేస్తలేదు."

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆ తర్వాత ఎన్ని పోతలు రిజెక్ట్ చేసినా, మోల్డర్‌ని పక్కన నిలబెట్టుకుని, అతని పనిలో బాగున్నదేదో ముందు చెప్పాకే పగులు చూపించేవాణ్ని. ఫౌండ్రీలో కొందరు నన్ను మరీ మెత్తన అన్నారు. అనుకోనీ. ఖాజా భాయ్ చేతిలో ఇసుక మీద ఊరికే ఆనిన ఆ ర్యామర్‌ను వాళ్లు చూడలేదు.